చివరి తూము దగ్గర అడగాలి

కాలువకు నీళ్ళు వదిలారని పేపర్లో చదివి మా మానవపాడు రైతు సంబరపడడు. బండి తీసుకుని డిస్ట్రిబ్యూటరీ చివరికి పోయి చూసొస్తాడు. రాజోలిబండ ఆనకట్ట కర్ణాటకలో ఉంది. అక్కడ బయలుదేరిన కాలువ అయిజ, వడ్డేపల్లి దాటి మా మండలానికి, అలంపూర్ దిక్కుకు వచ్చేసరికి కాగితం మీది లెక్కకూ నేల మీది తడికీ పొంతన ఉండదు. ఈ రాజోలిబండ మళ్ళింపు పథకం (ఆర్డీఎస్) కింద తెలంగాణకు 87,500 ఎకరాల ఆయకట్టు, 15.9 టీఎంసీల నీళ్ళు అని రాసుంది. అంత ఆయకట్టూ నిండుగా పారిన ఏడాది మా ఇంట్లో ఎవరికీ జ్ఞాపకం లేదు. అందుకే కృష్ణా, తుంగభద్రల నడుమనున్న మా నడిగడ్డలో ఆనకట్ట దగ్గర గేజీ ఎంత చూపిందని ఎవరూ అడగరు. చివరి తూములో ఎంత పారిందని అడుగుతారు.

నేను ఉమ్మడి పాలమూరు జిల్లా డిగ్రీ కాలేజీల్లో వృక్షశాస్త్రం పాఠం చెప్పినదాన్ని. కాలేజీలకు గ్రేడులిచ్చే న్యాక్ బృందం వస్తుందంటే పర్యావరణం ఫైలు తయారుచేసే కమిటీల్లో కూర్చున్నదాన్ని. యూనివర్సిటీలూ కాలేజీలూ ప్రకృతికి ఎంత మేలు చేస్తున్నాయో తేల్చే పద్ధతిని దగ్గర నుంచి చూశాను. మనం కొలుస్తున్నదంతా ఆనకట్ట దగ్గరే. చివరి తూము దాకా ఎవరూ నడవడం లేదు.

నేను ఆ కమిటీల్లో ఉన్నప్పుడు న్యాక్ కొలమానాల్లో ఏడోది సంస్థ విలువలకు, మంచి పద్ధతులకు సంబంధించింది. సౌర విద్యుత్తు, ఎల్ఈడీ దీపాలు, చెత్త నిర్వహణ, వాన నీటి గుంతలు, బోర్లకు రీచార్జి, ప్లాస్టిక్ నిషేధం, గ్రీన్ ఆడిట్, ఎనర్జీ ఆడిట్ అన్నీ అందులోకే వచ్చేవి. అడిగినవన్నీ మంచి ప్రశ్నలే. వాటిని అడగడం మొదలయ్యాకనే చాలా కాలేజీల్లో ఆ మాటలు వినపడ్డాయి. చిక్కంతా రుజువు దగ్గర వస్తుంది. రుజువంటే ఒక ఫొటో, ఒక బిల్లు, ఒక సర్టిఫికెట్. ఆ సర్టిఫికెట్ ఇచ్చే ప్రైవేటు సంస్థలున్నాయి. డబ్బు కట్టేదీ, కొలిపించుకునేదీ ఒకరే.

ఒక కాలేజీ సంగతి చెబుతాను, పేరు వద్దు. వాన నీటి గుంతను గేటు పక్కన, వచ్చినవాళ్ళకు కనిపించే చోట తవ్వారు. ఆ ఆవరణలో వాలు హాస్టల్ వైపుకు ఉంది. గేటు ఉన్నది మెరక మీద. ఎంత వాన పడ్డా ఆ గుంతలోకి నీళ్ళు రావు. కంకర, ఇసుక, పక్కన బోర్డు అన్నీ కుదిరాయి, ఫొటో ఫైలులోకి వెళ్ళింది, మార్కులు పడ్డాయి. అదే ఆవరణలో హాస్టల్ వెనక ఆర్వో ప్లాంటు తాగే నీళ్ళుగా ఇచ్చేదానికంటే మురుగు కాలువలోకి వదిలేదే ఎక్కువ. ఆ వదిలిన నీటితో బాత్రూములు కడగవచ్చు. ఆ మాట ఆడిట్ కాగితంలో లేదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. చెత్తను వేరు చేస్తున్నామని రంగు డబ్బాలు పెట్టారు. పొద్దున్నే ఊడ్చే అమ్మను అడిగితే, "అన్నీ ఒక్క కాడనే పోసి అంటిస్తం మేడం, ఇంకేం జేస్తం" అంది. తనిఖీకి వచ్చినవాళ్ళలో ఒక్కరూ ఆమెను అడగలేదు. ఆ ఆవరణలో పచ్చదనం గురించి సరైన సమాచారం ఉన్న మనిషి ఆమె ఒక్కతే.

ఇది మన దగ్గరే ఉన్న జబ్బు కాదు. ఇండోనేషియా విశ్వవిద్యాలయం 2010లో గ్రీన్ మెట్రిక్ అని ప్రపంచ విశ్వవిద్యాలయాలకు ఒక ర్యాంకింగు మొదలుపెట్టింది. మన తెలుగు రాష్ట్రాల సంస్థలూ అలాంటి ర్యాంకుల కోసం చూస్తుంటాయి. అందులో చాలా ఏళ్ళ పాటు నూటికి ఇంధనం, వాతావరణ మార్పులకు 21, చెత్తకు 18, రవాణాకు 18, చదువు, పరిశోధనలకు 18, ఆవరణ, కట్టడాలకు 15 పాళ్ళు పెట్టారు. నీటికి 10. వానలు బాగా పడే దేశంలో కూర్చుని వేసిన తూకం అది. నీళ్ళు తక్కువైన చోట తూకం మారాలి. పాలమూరు నుంచి తరతరాలుగా మనుషులు వలస పోయింది నీళ్ళు లేకనే. మా దగ్గర ఒక యూనివర్సిటీని కొలిచేటప్పుడు నీటికి పది మార్కులిస్తే ఆ కొలతే తప్పు. రవాణాకు 18 ఎందుకో కూడా మాకు అర్థం కాదు. మా పిల్లలు మానవపాడు స్టేషన్లో రైలెక్కో, ఆర్టీసీ బస్సులో నిలబడో గద్వాలకు, కర్నూలుకు, మహబూబ్‌నగర్‌కు పోయి చదువుకుంటారు. కార్లు తగ్గించడం వాళ్ళ సమస్య కాదు.

ఈ కొలమానాల్లో దేనిలోనూ లేని ప్రశ్న ఒకటుంది. దాన్ని మా అన్న అడిగాడు.

2025 మార్చి 30, ఉగాది. మా అన్న కూతురు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో చదువుతోంది. పండక్కి రాలేదు. సాయంత్రం ఫోన్ చేసింది. "అత్తా, జేసీబీలు వచ్చినయ్. పోలీసులు మావాళ్ళను ఎత్తుకపోతున్నరు." యూనివర్సిటీని ఆనుకున్న కంచ గచ్చిబౌలిలోని నాలుగు వందల ఎకరాలను చదును చేయడానికి యంత్రాలు దిగిన రోజు అది. ఉగాది, మర్నాడు రంజాన్. కోర్టులకు సెలవులు. రాత్రిళ్ళు లైట్లు పెట్టి కూడా పని సాగింది. చీకట్లో నెమళ్ళ అరుపులు ఫోన్లోనే వినిపించింది మా పిల్ల. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే కలగజేసుకుని ఆపింది. జస్టిస్ బి.ఆర్. గవాయ్, జస్టిస్ ఏ.జి. మసీహ్ ధర్మాసనం అడిగితే తెలంగాణ హైకోర్టు రిజిస్ట్రార్ అక్కడికి వెళ్ళి చూసి నివేదిక పంపారు. దాదాపు వంద ఎకరాల్లో చెట్లు పోయాయనీ, నెమళ్ళు, జింకలు కనిపించాయనీ అందులో ఉంది. ఏప్రిల్ 16న అదే ధర్మాసనం ఆ వంద ఎకరాలను తిరిగి ఎలా నిలబెడతారో చెప్పమని ప్రభుత్వాన్ని అడిగింది.

ఆ రోజుల్లో ఇంట్లో అందరం టీవీ ముందే ఉన్నాం. మా అన్న మిరప, సీడు పత్తి పండిస్తాడు. అన్నీ విని ఒక్క మాట అడిగాడు. "ఇంతకీ ఆ భూమి ఎవరి పేర ఉంది?"

అదే అసలు ప్రశ్న. 1969 తెలంగాణ, 1972 జై ఆంధ్ర ఉద్యమాల తర్వాత ఆరు సూత్రాల పథకం వచ్చింది. దానిలో భాగంగానే 1974లో పార్లమెంటు చట్టంతో హైదరాబాద్ విశ్వవిద్యాలయం పుట్టింది. గచ్చిబౌలిలో రెండు వేల మూడు వందల ఎకరాల పైచిలుకు ఇచ్చారు. ఆ భూమి యాజమాన్యం యూనివర్సిటీ పేరుకు ఎన్నడూ మారలేదు. కాలం గడిచేకొద్దీ ట్రిపుల్ ఐటీకి, స్టేడియానికి, టీఐఎఫ్ఆర్‌కు అంటూ ముక్కలు పోయాయి. 2004లో నాలుగు వందల ఎకరాలను ఐఎంజీ భారత అనే సంస్థకు క్రీడల పేరుతో కేటాయించారు. దానికి బదులుగా యూనివర్సిటీకి గోపన్‌పల్లిలో 397 ఎకరాలు ఇచ్చామంటుంది ప్రభుత్వం. 2006లో తర్వాతి ప్రభుత్వం ఆ కేటాయింపును రద్దుచేసింది. కేసు ఏళ్ళ తరబడి నడిచి 2024లో హైకోర్టులో, తర్వాత సుప్రీంకోర్టులో రాష్ట్రం వైపే తేలింది. హద్దులు 2024 జులైలో యూనివర్సిటీ సమక్షంలోనే తేల్చామని రాష్ట్ర పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ టీజీఐఐసీ ప్రకటించింది. అలాంటి సర్వే జరగలేదని యూనివర్సిటీ రిజిస్ట్రార్ 2025 మార్చి 31న ప్రకటన ఇచ్చారు.

"యాభై ఏండ్ల నుంచి ఉంటున్నరు, పట్టా చేపించుకోలేదా?" అన్నాడు మా అన్న. ధరణి భూ రికార్డుల్లో ఒక సర్వే నంబరు తప్పు పడితే తహసీల్దారు ఆఫీసు చుట్టూ ఏళ్ళు తిరిగిన మనుషులం మేము. మాకు ఆ ప్రశ్న సహజం. దేశంలోనే పేరున్న పండితులు కూర్చున్న చోట, ఏటా వన మహోత్సవం జరిగే చోట, ఎన్నో నివేదికలు రాసిన చోట ఆ ఒక్క కాగితం ఎందుకు తయారుకాలేదు? యూనివర్సిటీ అడిగినా ప్రభుత్వాలు ఇవ్వలేదంటారు. సరే, అప్పుడైనా ఆ సంగతి ప్రతి ఏటా నివేదికలో మొదటి పేజీలో రాయాలి కదా. ఎన్ని మొక్కలు నాటామన్నది పదో పేజీలో ఉన్నా ఫరవాలేదు.

భూమి హక్కు తేలిపోయింది కాబట్టి చెట్లు కొట్టే హక్కూ వచ్చేసిందన్న వాదనను మాత్రం నేను ఒప్పుకోను. మా ఊళ్ళో చేను గట్టు మీది వేపచెట్టు కొట్టాలన్నా వాల్టా చట్టం కింద అనుమతి కావాలి. చేను మనదే, పట్టా మనదే, అయినా అడగాలి. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు రికార్డులో ఏ పేరుతో ఉన్నా, ఎవరి చేతిలో ఉన్నా, అడవి అన్న మాటకు సరిపోయే నేలను అడవిగానే చూడాలని చెప్పింది. రైతుకు వర్తించే నియమం రాష్ట్రానికి వర్తించకుండా ఎలా ఉంటుంది? చెరువులు ఆ నాలుగు వందల ఎకరాల బయట ఉన్నాయి, కాబట్టి నష్టం లేదన్నారు. చెరువు ఎక్కడుందన్నది సగం సంగతే. దానిలోకి వాగు ఎక్కడి నుంచి వస్తుందన్నది మిగతా సగం. చెరువు కింద పొలం చేసిన ఏ రైతూ ఈ రెండింటినీ విడదీయడు.

వృక్షశాస్త్రం చెప్పినదాన్నిగా నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి. అక్కడున్నవి ఉత్త పొదలే కదా అన్నారు చాలామంది, చదువుకున్నవాళ్ళు కూడా. దక్కన్ పీఠభూమిలో చాలా చోట్ల అడవి అంటేనే పొద. రెండు వందల యాభై కోట్ల ఏళ్ళ నాటి గ్రానైట్ బండల మధ్య తంగేడు, రేగు, మోదుగ, సీతాఫలం, ముళ్ళ తుమ్మ, నేల మీద గడ్డి. ఈ గడ్డిలోనే చుక్కల జింక మేస్తుంది, నెమలి గుడ్లు పెడుతుంది, నక్షత్ర తాబేలు దాక్కుంటుంది. కేరళ అడవిలా కనపడకపోతే అది బంజరని మనకు నేర్పిందెవరు? ఈ చూపు వల్లనే కాలేజీల్లో ఉన్న పొదను కొట్టేసి, ఆ చోట వరుసగా కోనోకార్పస్ నాటి పచ్చదనం పెంచామని రాసుకుంటారు. ఆ చెట్టు త్వరగా పెరుగుతుంది, ఫొటోకు బాగుంటుంది. దాని మీద మన పిట్టలు గూళ్ళు పెట్టగా నేనైతే చూసింది తక్కువ. 2022లో తెలంగాణ ప్రభుత్వమే మొక్కలు నాటే తన హరితహారం పథకం నర్సరీల్లో దాన్ని పెంచొద్దంది. నాటినవి మాత్రం ఇప్పటికీ ఎన్నో ఆవరణల లెక్కల్లో చెట్లుగా నడుస్తున్నాయి.

హైదరాబాద్ యూనివర్సిటీ విషయంలో గట్టిగా నిలబడిన రుజువు ఎక్కడిదో గమనించండి. అది ఆడిట్ ఫైలు నుంచి రాలేదు. వైల్డ్ లెన్స్ అన్న విద్యార్థి బృందం, కొందరు అధ్యాపకులు ఏళ్ళ తరబడి పొద్దున్నే నడిచి, ఏ పిట్ట ఏ నెలలో ఎక్కడ కనిపించిందో రాసిపెట్టారు. రెండు వందలకు పైగా పక్షి జాతులు, వందలాది మొక్క జాతులు ఆ ఆవరణలో ఉన్నాయని మనం ఇవాళ చెప్పగలుగుతున్నామంటే ఆ పుస్తకాల పుణ్యమే. ఆ గొడవ రోజుల్లో ఏఐతో చేసిన బొమ్మలు కొన్ని సోషల్ మీడియాలో తిరిగాయి. పారిపోతున్న జింకలు, ఏడుస్తున్న నెమళ్ళు. చేసినవాళ్ళ ఉద్దేశం ఏదైనా, అవి విద్యార్థులకు అన్యాయమే చేశాయి. ప్రభుత్వం వాటిని చూపించి ఇదంతా తప్పుడు ప్రచారమని వాదించింది. తారీఖు, చోటు, పేరు రాసిన పక్షుల జాబితాను అలా కొట్టిపారేయడం ఎవరి వల్లా కాదు. ఒక యూనివర్సిటీ తన నేల గురించి పదేళ్ళ పాటు తప్పకుండా రాసుకున్న పుస్తకం పది సర్టిఫికెట్ల కంటే విలువైనది.

ఒక్క గచ్చిబౌలి సంగతే అయితే ఇంత రాయను. అంతకుముందే రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ, ఉద్యాన విశ్వవిద్యాలయాల భూముల్లోంచి వంద ఎకరాలను కొత్త హైకోర్టుకు ఇస్తూ 55 నంబరు జీవో వచ్చింది. విద్యార్థులు వద్దని రోడ్డెక్కారు. హైకోర్టు కావాలి, ఎవరూ కాదనరు. విత్తన రకాలు పరీక్షించే మట్టిని, ఏళ్ళుగా పెంచిన చెట్లను మరోచోట మొలిపించడం కుదరదు కాబట్టే వాళ్ళు వద్దన్నారు. నగరం దగ్గరికి వచ్చిన ప్రతి యూనివర్సిటీ భూమిదీ ఇదే కథ. ఉస్మానియా నేల కూడా ఏళ్ళుగా ఇలాగే తరుగుతోంది. ఖాళీగా కనిపించే నేల ప్రభుత్వాల కంటికి ఖజానాలా కనిపిస్తుంది, పార్టీ ఏదైనా.

మా పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో వచ్చింది. మహబూబ్‌నగర్‌లో ప్రధాన ఆవరణ, గద్వాల, వనపర్తి, కొల్లాపూర్‌లలో పీజీ కేంద్రాలు. వయసు చిన్నది, ఇంకా దిద్దుకునే వీలుంది. ఆ యూనివర్సిటీకి నేను చెప్పదలచుకున్నది ఇది. మీకున్న ప్రతి ఎకరం సర్వే నంబరుతో, ఎవరి పేరున ఉందో, హద్దురాళ్ళు ఎక్కడున్నాయో పటం గీసి గోడకు అంటించండి. బోర్లలో నీటి మట్టం ఎండాకాలం చివర మే నెలలో ఒకసారి, వానలు వెళ్ళాక నవంబరులో ఒకసారి కొలిచి రాయండి. భూగర్భ జల శాఖ కూడా ఇలాగే మట్టాలు కొలుస్తుంది, ఒక తాడు, ఒక టేపు ఉంటే విద్యార్థులే చేయగలరు. అయిదేళ్ళలో మే నెల మట్టం పైకి వచ్చిందా, కిందికి పోయిందా అన్నదే మీ వాన నీటి గుంతలకు పరీక్ష. నాటిన మొక్కల్ని మూడో ఏడు లెక్కించండి. కరెంటు సంగతి బిల్లులే చెబుతాయి. చెత్త సంగతి ఊడ్చే అమ్మను అడగండి, హాస్టల్ పిల్లలను అడగండి, ప్రహరీ పక్క పొలం రైతును అడగండి. వాళ్ళు చెప్పింది ఉన్నదున్నట్టు నివేదికలో రాయండి.

ప్రహరీ బయట చేయాల్సిన పని ఇంకా ఎక్కువుంది. 1991లో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు చెప్పాక పర్యావరణం అన్ని డిగ్రీ కోర్సుల్లో తప్పనిసరి పాఠమైంది. మన దగ్గర అది గైడు పుస్తకంలో చదివి పాసయ్యే పేపరుగా మిగిలింది. అమెజాన్ అడవుల గురించి రెండు పేజీలు రాసే పిల్లకు తన ఊరి కాలువ ఎందుకు ఎండిందో రాయమంటే తెలియదు. నడిగడ్డ కంటే మంచి తరగతి గది ఎక్కడుంది? సీడు పత్తికీ మిరపకూ మేము కొట్టే మందులు ఏ నీళ్ళలోకి పోతున్నాయి? 2009 అక్టోబరు వరదలో తుంగభద్ర ముంచిన ఒడ్డు ఊళ్ళ నేల తర్వాత ఎలా మారింది? 2025 జూన్‌లో రాజోలి మండలం పెద్ద ధన్వాడలో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని చుట్టుపక్కల రైతులు కదిలారు. గొడవలయ్యాయి, అరెస్టులయ్యాయి. ఆ రైతుల చేతిలో తమ బావి నీళ్ళ పరీక్ష నివేదిక ఉంటే, అదీ తమ జిల్లా యూనివర్సిటీ రసాయన శాస్త్ర విభాగం చేసి ఇచ్చింది ఉంటే, వాళ్ళ మాటకు ఎంత బలం ఉండేది! ఫ్యాక్టరీ వచ్చినా రాకున్నా, ఇవాళ్టి నీళ్ళు ఎలా ఉన్నాయో రాసిపెట్టకపోతే రేపు చెడిపోయాయని నిరూపించడం ఎవరి తరమూ కాదు. పీజీ విద్యార్థులకు ఏటా ప్రాజెక్టులు ఎలాగూ ఉంటాయి. వాటిని ఇంటర్నెట్లోంచి ఎత్తి రాయించే బదులు ఈ ఊళ్ళకు పంపించండి. మా వంటి రిటైరైన మాస్టర్లం చాలామందిమి ఉన్నాం, పైసా అడగకుండా వెంట వస్తాం.

పిల్లలను డిగ్రీలోనో పీజీలోనో చేర్పించడానికి పోయే తల్లిదండ్రులకు ఒక విన్నపం. ఫీజు ఎంత, హాస్టల్ ఉందా అని అడిగే చోటే మరో మూడు మాటలు అడగండి. ఈ భూమి ఎవరి పేర ఉంది? మే నెలలో బోరులో నీళ్ళు ఎన్ని అడుగుల లోతున ఉన్నాయి? మూడేళ్ళ కింద నాటిన చెట్లు ఎక్కడ, చూపించండి. ప్రభుత్వ సంస్థ అయితే, జవాబు రాకపోతే, సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. రుసుము పది రూపాయలు. ముప్పై రోజుల్లో వాళ్ళు జవాబివ్వాలి.